ఐసీయూ నుంచి ఇంటికి వచ్చాక ఒంట్లో సత్తువ తిరిగి రావాలంటే: అంచెలంచెల మార్గదర్శి

న్యుమోనియానో, సెప్సిస్సో (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం), తీవ్రమైన డెంగీనో వచ్చి పది పదిహేను రోజులు ఐసీయూలో, అందులో కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఇంటికి వస్తారు. జ్వరం లేదు. రిపోర్టులు బాగున్నాయి. కానీ మంచంలో పక్కకు తిరగలేరు. నీళ్ల గ్లాసు ఎత్తితే చెయ్యి వణుకుతుంది. కుర్చీలోంచి లేవబోతే తొడలు సహకరించవు. ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. "జబ్బు ఇంకా లోపలే ఉందేమో, కదిలించకండి" అని ఒకరంటారు. "నాలుగడుగులు వేస్తే అదే పోతుంది, ప్రయత్నమే చేయడం లేదు" అని ఇంకొకరంటారు. రెండు మాటలూ కీడు చేసేవే. ఆ మనిషి ఒంట్లోంచి నిజంగానే కండ పోయింది, చాలామందిలో నరాలు కూడా దెబ్బతింటాయి. కదలకుండా పడుకోబెడితే మిగిలిన కండ కూడా కరిగిపోతుంది. బలవంతంగా నడిపిస్తే పడిపోతారు, లేదా రెండు రోజులు మంచం దిగలేనంతగా అలసిపోతారు. రోజుకు చాలాసార్లు, ప్రతిసారీ కొద్దిగా పని చేయించడం, కండకు కావలసిన తిండి పెట్టడం, ఈ రెండింటి మీదే కోలుకోవడం ఆధారపడి ఉంటుంది.

ముందు, ఒంట్లో ఏం జరిగిందో

2013లో లండన్ పరిశోధకులు ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి చూశారు. పది రోజుల్లోనే అది ఆరో వంతుకు పైగా తగ్గిపోయింది. ఒకటి కంటే ఎక్కువ అవయవాలు దెబ్బతిన్నవారిలో ఇంకా ఎక్కువ పోయింది. మంచాన పడి ఉండడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఒళ్లంతా వ్యాపించిన ఇన్‌ఫెక్షన్, దాని వల్ల వచ్చే వాపు, అదుపు తప్పిన షుగర్, కొన్ని మందులు కలిసి కండలోని మాంసకృత్తులను కరిగించేస్తాయి. ఊపిరి తీసుకోవడానికి వాడే డయాఫ్రమ్ కూడా కండరమే. వెంటిలేటర్ దాని పని చేసిపెట్టినన్ని రోజులు అదీ పలచబడుతుంది. అందుకే ఊపిరితిత్తులు బాగుపడిన తర్వాత కూడా రెండు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తుంది.

నరాల సంగతి వేరే. తీవ్రమైన జబ్బు తర్వాత కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయని కెనడా న్యూరాలజిస్ట్ చార్లెస్ బోల్టన్ బృందం 1984లో వివరించింది. కండ ఒక్కటే పోతే వారాల్లో, నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది. నరం దెబ్బతింటే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున మాత్రమే పెరుగుతుంది. పాదాల్లో తిమ్మిరి, మంట, పాదం పైకి ఎత్తలేకపోవడం అన్నిటికంటే ఆలస్యంగా తగ్గడానికి కారణం అదే.

టొరంటోలో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బతికి బయటపడ్డవారిని ఏళ్ల తరబడి గమనించారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల ఊపిరితిత్తుల పరీక్షలు మామూలుకు దగ్గరగా వచ్చాయి. కానీ ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం మాత్రం, వాళ్ల వయసుకు ఉండాల్సిన దానిలో మూడింట రెండు వంతులే. వాళ్లలో సగం మంది నలభై అయిదేళ్ల లోపువారు! కాబట్టి "ఇంటికొచ్చి నెలయింది, ఇంకా ఇలాగే ఉన్నారేంటి" అని ఎవరైనా అంటే, నెల చాలా తక్కువ కాలమని చెప్పండి.

మొదటి అంచె: డిశ్చార్జ్‌కు ముందే అడగాల్సినవి

బిల్లుల హడావుడిలో ఈ పని మరిచిపోతారు. డిశ్చార్జ్‌కు కనీసం ఒక రోజు ముందు ఫిజియోథెరపిస్టును పిలిపించి, మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో చూపించమనండి. చూస్తే సరిపోదు. ఇంట్లో ఎవరు చూసుకోబోతున్నారో వాళ్లే ఫిజియోథెరపిస్టు ముందు చేసి చూపించాలి.

కండ బలం ఎంతుందో కూడా అడగండి. భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంట్లు, మోకాళ్లు, చీలమండలు, రెండు వైపులా కలిపి పన్నెండు చోట్ల బలాన్ని సున్నా నుంచి అయిదు వరకు లెక్కిస్తారు. మొత్తం 60. 48 కంటే తక్కువ వస్తే ఐసీయూ వల్ల వచ్చిన బలహీనత ఉందని అర్థం. ఈ అంకె కాగితం మీద రాయించుకుంటే రెండు నెలల తర్వాత పోల్చి చూసుకోవచ్చు.

మందుల చీటీలో నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, స్టెరాయిడ్లు ఉంటే ఒక్కొక్కటి ఎప్పటిదాకా వాడాలో రాయమనండి. బరువు బాగా తగ్గిన మనిషికి పాత బీపీ డోసు ఎక్కువై, లేవగానే కళ్లు తిరగొచ్చు. స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పాము కాటు, పురుగుల మందు, గిలియన్ బారీ అనే నరాల జబ్బు వంటి వాటితో ఐసీయూలో ఉన్నవారి బలహీనతకు వేరే కారణాలు ఉంటాయి. ముఖ్యంగా పురుగుల మందు కేసుల్లో, బాగానే ఉన్న మనిషికి రెండు మూడు వారాల తర్వాత పాదాల్లో తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గడం కొత్తగా మొదలైతే వెంటనే న్యూరాలజిస్టును కలవాలి. వీళ్లు ఏ వ్యాయామమైనా డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాలి.

రెండో అంచె: ఇల్లు సర్దడం

నేల మీద పరుపు వద్దు, కిందికి కుంగిపోయే నులక మంచం వద్దు. మంచం అంచు మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ల కంటే తుంటి కాస్త ఎత్తులో ఉండాలి. ఎత్తు చాలకపోతే మంచం కోళ్ల కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టండి, ఊగకుండా చూసుకోండి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి కావాలి. పలచటి ప్లాస్టిక్ కుర్చీ మీద బరువంతా ఒక పక్కకు వేసి లేస్తే అది జారిపోతుంది.

గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఇప్పుడు కుదరదు. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. స్నానానికి రబ్బరు కాళ్లున్న స్టూలు వాడండి. బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. తువ్వాలు తగిలించే కడ్డీ మనిషి బరువు ఆపలేదు. గుమ్మాల దగ్గరి పట్టాలు, కార్పెట్లు తీసేయండి. రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. ఎక్కువమంది పడిపోయేది అర్ధరాత్రి ఒంటరిగా మూత్రానికి లేచినప్పుడే, కాబట్టి చేతికందే చోట ఒక గంట పెట్టండి.

మూడో అంచె: ఎంత చేయించాలి, ఎక్కడ ఆపాలి

అమెరికాలోని షికాగో, అయోవా ఆస్పత్రుల్లో వెంటిలేటర్ మీద ఉన్నవారికి మొదటి రోజుల నుంచే కదలికలు చేయించి చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, డిశ్చార్జ్ నాటికి సొంతంగా పనులు చేసుకోగలిగినవారు 59 శాతం. మామూలు పద్ధతిలో 35 శాతం. ఇది విని చాలామంది, ఇంకా ఎక్కువ చేయిస్తే ఇంకా మంచిదనుకుంటారు. 2022లో 750 మందితో జరిగిన 'టీమ్' అనే అధ్యయనం ఆ మాట కూడా తేల్చింది. వెంటిలేటర్ రోగులతో మామూలు కంటే ఎక్కువ మోతాదులో కదలికలు చేయిస్తే అదనపు మేలేమీ కనిపించలేదు, గుండె లయ తప్పడం వంటి ఇబ్బందులు పెరిగాయి. ఐసీయూలో తేలిన ఈ విషయం ఇంట్లోనూ గుర్తుంచుకోండి. త్వరగా మొదలుపెట్టడం మంచిది, తొందరపెట్టడం మంచిది కాదు.

పని చేస్తున్నప్పుడు ఆయాసం కొంచెం ఉండొచ్చు, కానీ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆపి కూర్చోబెట్టండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంటే, డాక్టర్ వేరే హద్దు చెప్పకపోయి ఉంటే, ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గినప్పుడు ఆపండి. వేళ్లు చల్లబడినా, గోళ్ల రంగు ఉన్నా అంకె తప్పుగా రావచ్చు. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, చెమటలు పట్టడం, గుండె దడ, వీటిలో ఏదున్నా ఆ రోజుకు ఆపేసి డాక్టర్‌తో మాట్లాడండి.

అన్నిటికంటే పనికొచ్చే కొలత మర్నాటి పరిస్థితి. నిన్నటి పని తర్వాత గంటలోపు తేరుకుని, ఈ ఉదయం మామూలుగా లేస్తే అదే మోతాదు కొనసాగించండి. ఒళ్లు నిన్నటికంటే బరువుగా ఉంటే సగానికి తగ్గించండి. మానేయకండి.

నాలుగో అంచె: మంచం మీద

లేవలేని రోజుల్లో కూడా చేయగలిగినవి చాలా ఉన్నాయి. పాదాలను పైకీ కిందికీ పదేసి సార్లు ఆడించడం పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదిలితే తొడ ముందు కండరం పని చేస్తుంది. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు మడిచి చాపాలి. కాస్త బలం వచ్చాక మోకాళ్లు మడిచి నడుము కింది భాగాన్ని పైకి ఎత్తాలి. బెడ్‌పాన్ పెట్టేటప్పుడు కూడా ఈ కదలిక ఉపయోగపడుతుంది. చేతులను ఒకదానితో ఒకటి పట్టుకుని తలపైకి ఎత్తడం మరిచిపోకండి. కదలకుండా ఉన్న భుజం పట్టేస్తే, కాళ్లలో బలం వచ్చాక కూడా జుట్టు దువ్వుకోవడం కష్టమవుతుంది. ప్రతిదీ అయిదు నుంచి పది సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు.

కొన్ని చేయకూడనివి ఉన్నాయి. సుఖంగా ఉంటుందని మోకాళ్ల కింద రోజంతా దిండు పెడితే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. పాదం కిందికి వాలిపోతుంటే దాన్ని లంబకోణంలో నిలిపే స్ప్లింట్ అడిగి తీసుకోండి. సొంతంగా తిరగలేనివారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, నడుము కింది ఎముక, తుంటి పక్కలు రోజూ చూడాలి. నొక్కి వదిలినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలవుతున్నట్టే.

ఊపిరి వ్యాయామానికి ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని కూర్చున్నప్పుడు వాడించండి. నోటితో పీల్చాలి, ఊదకూడదు.

అయిదో అంచె: కూర్చోవడం, లేచి నిలబడడం

వెల్లకిలా పడుకున్న మనిషిని చేతులు పట్టి లాగి లేపకండి. ముందు పక్కకు తిప్పి, కాళ్లను మంచం దించుతూ, ఆయన మోచేతిని ఆనించి నెట్టుకునేలా చేస్తే సగం బలం ఆయనదే ఉపయోగపడుతుంది. లేవగానే నిలబెట్టవద్దు. అంచు మీద రెండు మూడు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, కళ్లు తిరగడం లేదని చెప్పాకే తర్వాతి పని. మొదట్లో రోజుకు మూడుసార్లు అయిదేసి నిమిషాలు కూర్చోగలిగినా మంచి ఆరంభమే. భోజనం మాత్రం మొదటి రోజు నుంచీ కూర్చునే చేయాలి.

ఇక ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క వ్యాయామమే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. తొడలు, పిరుదులు, నడుము ఒకేసారి పని చేసేది ఇందులోనే. మరుగుదొడ్డికి సొంతంగా వెళ్లగలగడం కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. కుర్చీని గోడకు ఆనించండి. మనిషి ముందు అంచుకు జరిగి, పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాగి, చేతులను కుర్చీ చేతుల మీద ఉంచాలి. తల, ఛాతీ బాగా ముందుకు వంగాలి. ముక్కు మోకాళ్లను దాటి ముందుకు వచ్చాక నెట్టుకుని లేవాలి. లేవలేకపోవడానికి చాలాసార్లు కారణం బలం లేకపోవడం కాదు, పడిపోతానన్న భయంతో వెనక్కి వాలి ఉండడం. ఎదురుగా మీరు కూర్చుని "నా భుజం వైపు రండి" అంటే ఆ భయం తగ్గుతుంది.

అప్పటికీ లేవలేకపోతే కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. సాయం చేసేవారు చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు, బలహీనపడ్డ భుజం కీలు జారుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. కూర్చునేటప్పుడు కూలబడకుండా మెల్లగా దిగడం లేవడమంత ముఖ్యం. మొదట మూడుసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. రెండు మూడు రోజులకు ఒకటి పెంచండి. పది సార్లు తేలిగ్గా వస్తే దిండు తీసేయండి, ఆ తర్వాత చేతుల ఆసరా లేకుండా ప్రయత్నించండి.

ఆరో అంచె: నడక, మెట్లు

మొదట నాలుగు కాళ్ల వాకర్‌తో నడవాలి. కొందరికి వాకర్ అంటే నామోషీగా ఉండొచ్చు. అయినా చేతికర్ర ఇప్పుడే ఇవ్వకండి, అది ఒక పక్కే ఆసరా ఇస్తుంది. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి వేయాలి, హవాయి చెప్పులు వద్దు. మొదటి రోజుల్లో మంచం నుంచి గుమ్మం దాకా వెళ్లినా చాలు. దారి మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచండి. ఒక్కసారి ఇరవై నిమిషాలు నడవడం కంటే అయిదేసి నిమిషాలు నాలుగుసార్లు నడవడం మేలు. నిమిషాలను వారం వారం పెంచండి.

మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. సాయం చేసేవారు ఎప్పుడూ కింది మెట్టు వైపే ఉండాలి.

నడక కుదుటపడ్డాక వారంలో రెండు మూడు రోజులు అరలీటరు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు ఎత్తడం, రబ్బరు బ్యాండ్ లాగడం మొదలుపెట్టొచ్చు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించేంత బరువు చాలు. వేళ్ల బలానికి ప్రత్యేక పరికరాలేమీ అక్కర్లేదు. తడి గుడ్డ పిండడం, చపాతీ పిండి కలపడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, అన్నం తనే కలుపుకుని తినడం, ఇవన్నీ వ్యాయామాలే. ప్రేమతో మీరు ముద్దలు పెడుతున్న ప్రతిసారీ ఆయన చేతికి ఒక అవకాశం తగ్గుతోంది. అన్నం ఒలికినా ఫర్వాలేదు, తిననివ్వండి.

తిండి: పథ్యం పేరుతో కండను పస్తు పెట్టకండి

మన ఇళ్లలో కోలుకోవడాన్ని అన్నిటికంటే ఎక్కువగా వెనక్కి లాగేది ఇదే అని నా నమ్మకం. గుడ్డు వేడి, పెరుగు జలుబు, మాంసం అరగదు, పప్పు వాతం అంటూ అన్నీ తీసేసి జావ, చారన్నం పెడతారు. గ్లాసు రాగి జావలో పడేది రెండు మూడు చెంచాల పిండి, దాంట్లో మాంసకృత్తులు దాదాపు రెండు గ్రాములు. కోలుకుంటున్న మనిషికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి, అంటే 60 కిలోలవారికి 72 నుంచి 90 గ్రాములు. జావ తాగడం తప్పు కాదు, జావతోనే సరిపెట్టడం తప్పు.

ఈ లెక్క వంటింట్లో ఉన్నవాటితోనే పూర్తవుతుంది. రెండు గుడ్లు 12 గ్రాములు, గ్లాసు పాలు 8, మధ్యాహ్నం గట్టి పప్పు 6 లేదా 7, కప్పు పెరుగు 5, గుప్పెడు వేరుశనగలు 7, రాత్రికి వంద గ్రాముల చికెనో చేపో 20. రెండు పూటల అన్నంలో వచ్చేది కలిపితే 70 దాటుతుంది. శాకాహారులైతే నలభై గ్రాముల మీల్ మేకర్‌లో 20 గ్రాములు వస్తాయి, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18. ఒకే పూట కాకుండా అయిదారు విడతలుగా పెట్టండి, ఎందుకంటే ఆకలి చాలా తక్కువగా ఉంటుంది. వ్యాయామం అయిన గంటలోపు ఏదో ఒకటి తినిపిస్తే మంచిది. కిడ్నీ దెబ్బతిన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఈ అంకెలు వర్తించకపోవచ్చు, డాక్టర్‌ను అడగండి.

వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం వేసి ఉంచినవారికి మింగే కండరాలు కూడా బలహీనపడతాయి. నీళ్లు తాగగానే దగ్గు, తిన్నాక గొంతు తడిగా గరగరలాడడం, మాటిమాటికీ జ్వరం, ఇవి తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతోందనడానికి గుర్తులు. పలచటివి ఆపి, వెంటనే ఆస్పత్రిలో మింగడం పరీక్ష చేయించాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు.

మనసు, ఇంటి మనుషులు

ఐసీయూలో చూసిన పీడకలలు ఇంట్లో కూడా వెంటాడతాయి. తేదీలు గుర్తుండవు, చిన్నదానికే ఏడుపు వస్తుంది, చిరాకు పడతారు. ఈ శరీర, మనసు సమస్యలన్నిటినీ కలిపి డాక్టర్లు 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అంటారు. ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు వచ్చి చూశారో నోట్‌బుక్‌లో రాసి, అడిగినప్పుడు చదివి వినిపిస్తే మధ్యలో పోయిన రోజులు అర్థమవుతాయి. స్కాండినేవియా దేశాల ఐసీయూల్లో నర్సులే ఇలాంటి డైరీ రాస్తారు. నిద్ర పట్టకపోవడం, భయం వారాలు గడిచినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా ఊడితే కంగారు పడకండి, పెద్ద జబ్బు తర్వాత అది మామూలే, మళ్లీ వస్తుంది.

పలకరించడానికి వచ్చేవాళ్లను వ్యాయామం, నిద్ర వేళల్లో రావద్దని మొహమాటం లేకుండా చెప్పండి. చూసుకునే మనిషికి వారంలో ఒక పూట అయినా సెలవు దొరకాలి. ఇది నెలల పని, ఒక్కరే మోయలేరు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, మూత్రం బాగా తగ్గడం, చలితో జ్వరం, మగతగా ఉండడం, వీటిలో ఏదొచ్చినా 108కి ఫోన్ చేయాలి. వారాల తర్వాత ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో ఈల లాంటి శబ్దం వస్తే దాన్ని ఆస్తమా అనుకోకండి. గొట్టం పెట్టిన చోట శ్వాసనాళం ఇరుకైందేమో ఈఎన్‌టీ డాక్టర్ ఆ రోజే చూడాలి. ఎక్కువవుతుంటే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. బలం వారం వారం పెరగకుండా తగ్గుతూ వస్తుంటే కూడా చూపించుకోవాలి.

ఇవేవీ లేకపోయినా ఆరు వారాలకు, మూడు నెలలకు ఒకసారి డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు బరువు, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడుస్తున్నారు, చేతుల ఆసరా లేకుండా ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఈ మూడూ రాసుకెళ్లండి. బండి నడపడం, పొలం పనికి పోవడం, ఆఫీసుకు తిరిగి వెళ్లడం గురించి ఈ అంకెల ఆధారంగానే మాట్లాడండి. మొదట సగం పూట పని, మధ్యలో ఒక విరామం అడిగితే చాలామంది డాక్టర్లు ఉత్తరం రాసిస్తారు.